వ్యాను వెళ్లిపోయాక బడిలో ఏం మిగిలింది?

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, మణుగూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు సైన్సో కంప్యూటరో నేర్పే స్వచ్ఛంద సంస్థలో మీకు ఉద్యోగం వచ్చిందనుకుందాం. బీఎస్సీయో డిప్లొమానో చదివి ఉంటారు. పరికరాల పెట్టెలు, ఒక వ్యాను, బడుల జాబితా చేతికిస్తారు. నెలకు ఇన్ని బడులు తిరగాలి, ఇంతమంది పిల్లలకు చూపించాలి అంటారు. చూపించడం పెద్ద కష్టం కాదు. నీళ్లున్న పళ్లెంలో వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించినప్పుడు నీళ్లు లోపలికి ఎగబాకితే ఏ పిల్లలైనా కేరింతలు కొడతారు. వ్యాను వెళ్లిపోయిన వారం తర్వాత, మీరు లేకుండా, ఆ బడిలో ఎవరైనా ఆ పని మళ్లీ చేశారా? ఈ ఉద్యోగానికి అసలు పరీక్ష అదే. చేరే ముందు అడగాల్సిన ప్రశ్నల నుంచి బయటికి వచ్చేటప్పుడు తెచ్చుకోవాల్సిన కాగితాల దాకా నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు జీతం సంగతి. సేవా సంస్థ అనగానే డబ్బు గురించి అడగడానికి మన పిల్లలు మొహమాటపడతారు. పడొద్దు. జీతం చాలక ఆరు నెలలకే మానేసిన మనిషి వల్ల ఆ బడికి ఒరిగేదేమీ లేదు. ఈ కార్యక్రమాలకు డబ్బు ఎక్కువగా కంపెనీల సామాజిక బాధ్యత నిధుల నుంచి వస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ గడిచిన 3 ఏళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. కొత్తగూడెంలోని సింగరేణి, సారపాకలో కాగితం మిల్లు నడుపుతున్న ఐటీసీ స్థాయి కంపెనీలన్నీ దీని కిందికి వస్తాయి. ఈ డబ్బుకు లెక్క ఏడాది ఏడాదికీ చెప్పాలి కాబట్టి మీ ఉద్యోగం కూడా చాలాసార్లు ఏడాది ఉద్యోగమే అవుతుంది. అందుకే చేరేరోజే అడగండి: ఈ ప్రాజెక్టుకు డబ్బు ఎన్నాళ్లకు మంజూరైంది? ఒకే బడికి ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తాం? రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది. ఏడాదికి ఒక్కసారి వంద బడులకు వెళ్లే సంస్థ కంటే, నెలకోసారి పది బడులకు వెళ్లే సంస్థ మేలు. జీతం కొంచెం తక్కువైనా రెండోదాంట్లోనే చేరమంటాను.

నియామక పత్రంలో మిమ్మల్ని ఉద్యోగి అన్నారా, కన్సల్టెంటు అన్నారా చూసుకోండి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థకు పీఎఫ్ వర్తిస్తుంది. మీ నుంచి 12 శాతం, సంస్థ నుంచి 12 శాతం జమ కావాలి. నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ గురించి కూడా అడగండి. కన్సల్టెంటు అని రాస్తే ఇవేవీ ఉండవు. పైగా 10 శాతం టీడీఎస్ కోస్తారు. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది తెలియక వదిలేస్తున్నారు. ఇంకో మాట. ప్రాజెక్టు అయిపోగానే పీఎఫ్ మొత్తం తీసేసుకోకండి. యూఏఎన్ నంబరు ఒక్కటే ఉంచుకుని కొత్త సంస్థకు బదిలీ చేయించుకోండి. పెన్షన్ పథకంలో ఉన్నవారికి నెలనెలా పెన్షన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసు కావాలి. ప్రాజెక్టుకో సంస్థ మారే మనలాంటి వాళ్లు పెన్షన్ డబ్బు కూడా తీసుకున్న ప్రతిసారీ ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పెట్రోలు ఖర్చు విడిగా ఇస్తారా, జీతంలోనే కలిపారా అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. భద్రాచలం రోడ్ అని పేరున్న రైల్వే స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలానికి ఇంకో 40 కిలోమీటర్లు. ఆపైన చర్ల, గుండాల లాంటి మండలాల్లో లోపలి ఊళ్లకు రోజూ బైకు మీద తిరగాలంటే జీతంలో ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. వీలైతే ఖమ్మంలో కాక భద్రాచలంలోనో మణుగూరులోనో గది తీసుకోండి.

అనుమతులు. ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ శాఖవి. భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి, అంటే పీవో గారి కార్యాలయం నుంచి ఉత్తరం లేకుండా లోపలికి వెళ్లొద్దు. భద్రాచలం ఊరు దాటి ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే రాష్ట్రమే మారిపోతుంది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి పాత ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అటువైపు చింతూరు ఐటీడీఏ, వేరే పాఠ్యపుస్తకాలు. తెలంగాణ ఎనిమిదో తరగతి పాఠం చూసి తయారుచేసుకున్న పని అక్కడి ఎనిమిదో తరగతికి సరిపోతుందనుకోవద్దు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దారుల్లో తనిఖీలు ఉంటాయి. మీ పెట్టెలో బ్యాటరీలు, వైర్లు, సర్క్యూట్లు ఉంటాయి కదా, గుర్తింపు కార్డు, సామాన్ల జాబితా, పీవో గారి ఉత్తరం కాపీ బండిలో ఎప్పుడూ ఉంచండి.

ఇక కాలం. ఈ పనిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. కంపెనీ లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా ‘ఇంకా ఎన్ని బడులు మిగిలాయి’ అనే ఒత్తిడి పైనుంచి వస్తుంది. సరిగ్గా అప్పుడే మిర్చి ఏరే కాలం. కూలికి పోయే తల్లిదండ్రులతో పిల్లలూ చేలకు పోతారు, చిన్న బడులు పలచబడతాయి. పదో తరగతి పిల్లలు పరీక్షల్లో ఉంటారు. ఆ వెంటనే ఇప్పపువ్వు రాలుతుంది, ఏరడానికి అందరూ అడవికి పోతారు. ఎండలు ముదిరేసరికి తునికాకు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తే ఆ వారం కోయగూడేల్లో ఎవరూ ఉండరు. జులై, ఆగస్టుల్లో వాగులు పొంగి దారులు తెగుతాయి. ఇవన్నీ తీసేస్తే మీకు నిక్కచ్చిగా దొరికేది జూన్ 12న బడులు తెరిచాక ఒక నెల, ఆ తర్వాత సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాకా. ఏడాది పనిలో ముప్పావు వంతు ఆ నెలల్లో అయిపోవాలి. ఈ లెక్కను కాగితం మీద పెట్టి, చేరిన మొదటి నెలలోనే మీ ప్రాజెక్టు మేనేజరుకు ఇవ్వండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చున్నవారికి మిర్చి సంగతి ఎవరూ చెప్పి ఉండరు. చెబితే చాలామంది వింటారు.

బడిలోకి వెళ్లాక మొదట కలవాల్సింది పిల్లల్ని కాదు, హెచ్ఎంనీ సైన్స్ టీచరునీ. చాలా బడుల్లో సైన్స్ చెప్పేది సీఆర్టీ, అంటే కాంట్రాక్టు మీద ఉన్న మనిషి. జీతం ఆలస్యమైనా పాఠం ఆపకుండా చెబుతున్నవారు. మీరు తెచ్చిన మెరిసే సామాను చూసి పిల్లలు మీ చుట్టూ మూగితే ఆ టీచరు పక్కన నిలబడిపోతారు. అలా జరగనివ్వకండి. ప్రయోగం ముందురోజే టీచరుకు చూపించండి. తరగతిలో టీచరు చేతే చేయించి, మీరు సామాను అందించండి. సాయంత్రం మీ పేరు ఎవరికీ గుర్తుండకపోయినా ఆ రోజు పని బాగా జరిగినట్టే.

దానం చేసిన సామాను బీరువాలోనే ఉండిపోవడానికి కారణం టీచర్ల బద్ధకం అనుకుంటారు. నిజానికి భయం. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన వస్తువు పగిలితే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది హెచ్ఎం. అందుకే తాళం. దీనికి మందు తేలిక. ఫలానా సామాను వాడకంలో అరిగిపోయేదే, పగిలినా పోయినా బడి బాధ్యత లేదు అని మీ సంస్థ లెటర్‌హెడ్ మీద రాయించి హెచ్ఎం చేతికివ్వండి. ఆ ఒక్క కాగితంతో తాళాలు తెరుచుకుంటాయి. భద్రాచలం, కొత్తగూడెం దుకాణాల్లో దొరకని వస్తువు ఏదీ పెట్టెలో పెట్టకండి.

ఇప్పుడు పాఠం. బయటినుంచి తెచ్చిన అద్భుతాల కన్నా అక్కడి బతుకులో ఉన్న ప్రశ్నలు ఎక్కువ కాలం నిలుస్తాయి. నేను ఎప్పుడూ సిఫారసు చేసేవి మూడు.

మొదటిది దోమ. ఏజెన్సీలో మలేరియా పుస్తకంలో చదివే జబ్బు కాదు, అక్కడి పిల్లలకు ఒళ్లెరిగిన జబ్బు. హాస్టలు తొట్టి నుంచీ వాగు ఒడ్డున నిలిచిన నీటి నుంచీ కాసిని నీళ్లు తెల్లటి పళ్లేల్లో పోసి పిల్లల్ని చూడమనండి. నీటి పైపొరకు సమాంతరంగా, పడుకున్నట్టు తేలే లార్వా ఎనాఫిలిస్, మలేరియా దోమది. తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడేవి డెంగీ, బోదకాలు మోసే జాతులవి. ఆ వేలాడేది తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తోంది. పైన రెండు చుక్కలు నూనె వేయండి, ఏమవుతుందో వాళ్లే చెబుతారు. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ప్రతి వారం తొట్లు ఎందుకు ఒంపమంటున్నారో అప్పుడు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తర్వాతి నెల వెళ్లినప్పుడు హాస్టలు చుట్టూ ఎక్కడెక్కడ లార్వా దొరికిందో పిల్లలు గీసిన పటం అడగండి. పటం ఉంటే మీ పని నిలిచిందన్నమాట.

రెండోది గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. వరద రోజుల్లో గంట గంటకూ నీటిమట్టం పత్రికల్లో, టీవీల్లో వస్తుంది. దాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టించండి. మూడు హెచ్చరికల దగ్గర మూడు గీతలు. గంటకు ఎంత పెరుగుతోంది, ఇదే వేగంతో పోతే మూడో గీతను ఎప్పుడు దాటుతుంది? వాలు అనే లెక్కల పాఠం ఇంతకంటే సూటిగా ఎక్కడా దొరకదు. ఏ మట్టానికి ఏ చేను మునుగుతుందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. అడిగి ఆ గ్రాఫు పక్కనే రాయమనండి.

మూడోది సికిల్ సెల్. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే ఈ రక్తహీనతను నిర్మూలించే జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది. 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేస్తున్నారు. పిల్లల దగ్గర కార్డు ఉంటుంది కానీ దాని అర్థం తెలియదు. పదో తరగతిలో మెండల్ పాఠం ఉంది. అష్టాచెమ్మా ఆడే చింతగింజ బద్దలు రెండు తీసుకోండి, ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. ఇద్దరూ వాహకులే. తెలుపు సికిల్ జన్యువు. రెండూ కలిపి వందసార్లు వేసి రాసుకోమనండి. దాదాపు పావు వంతు సార్లు రెండూ తెల్లగా పడతాయి, అది జబ్బు. సగం సార్లు ఒకటి నలుపు ఒకటి తెలుపు, అది వాహకం. మిగతా పావు రెండూ నలుపు. నలుగురు పిల్లలుంటే ఒకరికి తప్పకుండా వస్తుందని దీని అర్థం కాదనీ, ప్రతి కాన్పుకూ గింజలు కొత్తగానే పడతాయనీ ఆటలోనే అర్థమవుతుంది. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. ఈ జన్యువు మలేరియా ప్రాంతాల్లోనే ఎందుకు నిలిచిందన్న ప్రశ్న దోమ పాఠాన్నీ దీన్నీ కలుపుతుంది. ఒక్క జాగ్రత్త. ఎవరికి ఉంది, చెయ్యెత్తండి అని మాత్రం ఎప్పుడూ అడగకండి. పెళ్లి సంబంధాల దాకా పోయే విషయం అది.

కోయ మాట్లాడే పిల్లలు ఉన్నచోట ప్రయోగం అయిపోగానే ఒక పెద్ద పిల్లనో పిల్లాడినో లేపి చిన్నవాళ్లకు వాళ్ల మాటల్లో చెప్పమనండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే కోయ సహా 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు, అంటే ఇది కొత్త ఆలోచనేమీ కాదు. పిల్లలే పిల్లలకు నేర్పే పద్ధతిని కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణంలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ పెద్ద ఎత్తున నడుపుతోంది. రామ్‌జీ రాఘవన్ బ్యాంకు ఉద్యోగం వదిలి 1999లో స్థాపించిన సంస్థ అది. సంచార సైన్స్ ప్రయోగశాలల పనిలో చేరేవారు ఒకసారి కుప్పం వెళ్లి చూసి రావాలి. మన దగ్గర 1988 నుంచి ఉన్న జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పత్రికను బడి లైబ్రరీకి వేయించండి.

వీటన్నిటికంటే ఎక్కువగా చదవాల్సింది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ అనుభవం. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 1972లో 16 ప్రభుత్వ బడుల్లో ప్రయోగాలతో సైన్స్ చెప్పడం మొదలుపెట్టాయి. 1978కి జిల్లా అంతా పాకింది. 1982లో ఏకలవ్య సంస్థ ఆ పని అందుకుంది. పాఠం చెప్పింది మామూలు ప్రభుత్వ టీచర్లే. ప్రతి నెలా కూర్చుని ఏ ప్రయోగం కుదిరింది, ఏది చెడింది మాట్లాడుకునేవారు. సవాలీరామ్ అనే ఊహా మనిషికి పిల్లలు ఉత్తరాలు రాసి తమ అనుమానాలు అడిగేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. 30 ఏళ్లు నడిచిన పని అది. నడవడానికి ఆ నెలవారీ సమావేశమే మూలమని నా నమ్మకం. మీ మండలంలో ఆ ఒక్కటైనా మొదలుపెట్టండి. ప్రతి బడిలో ఒక ప్రశ్నల డబ్బా పెట్టి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ తర్వాతి నెల జవాబు తీసుకెళ్లండి.

కంప్యూటర్ల విషయం త్వరగా చెబుతాను. కరెంటు, నెట్‌వర్కు ఉంటాయని నమ్మి పాఠం తయారుచేయకండి. నెట్ లేకుండా పనిచేసేవి ముందే ఎక్కించుకోండి. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తం పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. ఒక్కో యంత్రానికి ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే తరగతిని రెండు జట్లు చేయండి, లేకపోతే వెనక నిలబడి చూసేది ఎప్పుడూ ఆడపిల్లలే అవుతారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల ఆలోచనలను కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు పంపించండి. బడికి 5 ఆలోచనలు పంపవచ్చు, ఎంపికైతే నమూనా చేయడానికి పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. ఆలోచన మాత్రం పిల్లలదే ఉండాలి. మీరు రాసిచ్చిన ప్రాజెక్టుకు బహుమతి వస్తే ఆ పిల్లకు నేర్పింది మోసం.

పిల్లల భద్రత దగ్గర సర్దుబాట్లు లేవు. సాయంత్రం తర్వాత హాస్టల్లో ఉండకండి. ఏ పిల్లతోనూ పిల్లాడితోనూ గదిలో ఒంటరిగా ఉండకండి. ఫోటోలు బడి అనుమతితోనే, అదీ పని చేస్తున్న చేతులు కనిపించేలా తీస్తే చాలు. ఏ పిల్లైనా తనకు జరిగిన హాని గురించి చెబితే దాచొద్దు, మీరే విచారణ చేయొద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

పైవారు సంఖ్యలు అడుగుతారు. నాలుగుసార్లు వచ్చిన పిల్లను నలుగురిగా లెక్కించకండి. మీకంటూ ఒక నోటు పుస్తకం పెట్టుకుని, వెళ్లిన ప్రతి బడికీ ఒక ప్రశ్నకే జవాబు రాయండి: కిందటిసారి చేసింది ఈ మధ్యలో ఎవరైనా మళ్లీ చేశారా? రెండేళ్ల తర్వాత ఇంకో ఉద్యోగానికి వెళ్లేటప్పుడు మీ దగ్గరుండే అసలు ఆస్తి ఆ పుస్తకమే. అనుభవ పత్రంలో తేదీలు, బడుల సంఖ్య, మీరు శిక్షణ ఇచ్చిన టీచర్ల సంఖ్య రాయించుకోండి. అయితే డీఎస్సీ, గురుకుల, కేంద్ర ప్రభుత్వ ఏకలవ్య పాఠశాలల నియామకాల్లో పరీక్ష పరీక్షే. టీచరుగా స్థిరపడాలనుకుంటే ఈ ఉద్యోగంలో ఉండగానే బీఎడ్, టెట్ పూర్తిచేయండి. టెట్ అర్హత ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. విద్యారంగంలోనే పెద్ద పని చేయాలనుకుంటే బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది, ఆర్థిక సాయమూ ఇస్తారు.

చివరగా చర్ల, దుమ్ముగూడెం, గుండాల, పినపాక ఊళ్లలో డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక మాట. ఈ ఉద్యోగాలకు పట్నం నుంచి ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లనే తీసుకుంటారని అనుకుని దరఖాస్తే పెట్టడం లేదు మీరు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, మిర్చికి బడి ఎప్పుడు ఖాళీ అవుతుందో, చిన్న తరగతి పిల్లలు మౌనంగా కూర్చుంటే అర్థం కాకనో భయపడో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దరఖాస్తు పెట్టండి. భాషలు అని ఉన్న గడిలో తెలుగు, ఇంగ్లిషు కంటే ముందు కోయ అని రాయండి.